ఉత్తుత్తి ఆఫీసుకు గట్టి గోడ

పెబ్బేరు సంతలో ఎద్దుల జత కొనే రైతు ముందు పళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. బేరం ఆ తర్వాతే. కంప్యూటర్ల దగ్గరికి వచ్చేసరికి ఇంత చదువుకున్న మనకు ఆ పాటి ఓపిక ఉండదు. ఇరవై మంది పనిచేసే ఆఫీసు సర్వర్‌లో శనివారం సాయంత్రం ఏదో మార్పు చేసి ఇంటికెళ్ళిపోతాం. సోమవారం పొద్దున ఒక్కరూ లాగిన్ కాలేరు.

అలాంటి మార్పును ముందుగా నడిపించి చూసుకునే చోటునే టెస్ట్ డొమైన్ అంటారు. అసలు డొమైన్ అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. ఆఫీసులో నాలుగు కంప్యూటర్లే ఉన్నప్పుడు ఎవరి యూజర్ పేరు, పాస్‌వర్డ్ వాళ్ళ కంప్యూటర్లోనే ఉంటాయి. కంప్యూటర్లు ఇరవై అయితే ఈ పద్ధతి కుదరదు. ఒక ఉద్యోగి మానేస్తే ఇరవై చోట్ల అతని పేరు కొట్టేయాలి. అందుకని అందరి వివరాలూ ఒకే పద్దులో రాసి, ఆ పద్దును ఒక సర్వర్ దగ్గర పెడతారు. మిగతా కంప్యూటర్లన్నీ ఆ సర్వర్ మాటే నమ్ముతాయి. ఆ సర్వర్ పేరు డొమైన్ కంట్రోలర్. దాన్ని నమ్మే కంప్యూటర్లన్నీ కలిపి డొమైన్. మైక్రోసాఫ్ట్ దీన్ని యాక్టివ్ డైరెక్టరీ పేరుతో 2000 ఫిబ్రవరిలో, విండోస్ 2000తో పాటు తెచ్చింది. ఇప్పటికీ చాలా బ్యాంకులు, కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాలు దాని మీదే నడుస్తున్నాయి.

ఒకప్పుడు ఇది నేర్చుకోవాలంటే పెబ్బేరు నుంచి సుమారు 150 కిలోమీటర్లు బస్సులో పోయి, హైదరాబాద్ అమీర్‌పేటలో గది తీసుకుని, మైత్రీవనం చుట్టుపక్కల ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాల్సి వచ్చేది. సర్వర్ ఒకటి, దాన్ని నమ్మే క్లయింట్ కంప్యూటర్లు రెండు, మధ్యలో స్విచ్, కేబుళ్ళు అన్నీ అక్కడే ఉండేవి. వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌కు పెబ్బేరు నుంచి రోజూ వెళ్ళొచ్చే కుర్రాడు ఈ రోజు అదే ల్యాబ్‌ను తన ల్యాప్‌టాప్‌లో, ఇంట్లో కూర్చుని కట్టుకోగలడు. 16 జీబీ ర్యామ్ ఉంటే హాయి. 8 జీబీ అయినా పిసినారిగా పంచుకుంటే నడుస్తుంది. ల్యాప్‌టాప్‌కు 4 జీబీ వదిలేసి, మిగతాది సర్వర్‌కు, క్లయింట్‌కు సగం సగం ఇవ్వాలి.

ఒక యంత్రంలో పది యంత్రాలు

ల్యాప్‌టాప్‌లో ల్యాబ్ కట్టడమంటే ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నమ్మించడమే. ఆ లోపలి కంప్యూటర్‌ను వర్చువల్ మెషీన్, పొట్టిగా వీఎం అంటారు. ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. 1967లో ఐబీఎం వాళ్ళ కేంబ్రిడ్జి సైంటిఫిక్ సెంటర్‌లో సీపీ-40 అనే వ్యవస్థ ఒకే పెద్ద కంప్యూటర్‌ను 14 చిన్న కంప్యూటర్లుగా చూపించింది. ఒక్కొక్కరూ యంత్రమంతా తమదే అనుకుని పని చేసుకునేవాళ్ళు. 1974లో పొపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ప్రాసెసర్ ఇలాంటి పనికి పనికొస్తుందా లేదా తేల్చే నియమం రాశారు. యంత్రం మొత్తం స్థితిని తాకే ఆదేశాలు కొన్ని ఉంటాయి. మామూలు ప్రోగ్రాం వాటిని వాడబోతే ప్రాసెసర్ ఆపి, పైనున్న పర్యవేక్షకుడికి కబురు చేయాలి. ఆ నియమం సారాంశం అంతే. ఆ పర్యవేక్షకుడినే ఇప్పుడు హైపర్‌వైజర్ అంటున్నాం.

మన డెస్క్‌టాపుల్లో, ల్యాప్‌టాపుల్లో ఉండే ఇంటెల్ తరహా ప్రాసెసర్లు చాలాకాలం ఈ పరీక్షలో తప్పాయి. వాటిలో 17 ఆదేశాలు కబురు చేయకుండా నిశ్శబ్దంగా జారిపోయేవని 2000లో లెక్క తేల్చారు. వీఎంవేర్ అనే కంపెనీ 1999లోనే ఈ చిక్కును సాఫ్ట్‌వేర్‌తో దాటేసింది. వీఎం నడపబోయే కోడ్‌లో ప్రమాదకరమైన ముక్కల్ని అప్పటికప్పుడు తిరగరాసి నడిపించేది. 2005 చివర్లో ఇంటెల్, మరుసటి ఏడాది ఏఎండీ ఆ కబురు చేసే ఏర్పాటును ప్రాసెసర్‌లోనే పెట్టేశాయి. అందుకే ఈ రోజు వీఎంలు నడిపే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేసినప్పుడు జాబితాలో 64 బిట్ సిస్టమ్‌లు కనబడకుండా 32 బిట్‌వి మాత్రమే కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. బయోస్‌లోకి వెళ్ళి వర్చువలైజేషన్ అన్న మీట ఆన్‌లో ఉందో లేదో చూస్తే చాలు.

డేటా సంగతి కూడా చెప్పాలి. విండోస్ సర్వర్ ట్రయల్ ఫైలు సుమారు 5 జీబీ ఉంటుంది. రోజుకు జీబీన్నర, రెండు జీబీల మొబైల్ ప్యాక్ మీద బతికేవాళ్ళకు అది రెండు మూడు రోజుల తిండి. మధ్యలో ఆగినా మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టే డౌన్‌లోడర్ వాడాలి. దిగాక మొదటి 10 రోజుల్లో ఒకసారి ఇంటర్నెట్‌లో యాక్టివేట్ చేస్తే 180 రోజులు లైసెన్సు అడగదు, ఆ తర్వాత ల్యాబ్ నడపడానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. అంత డేటా కూడా లేదంటే లైనక్స్ మీద సాంబా ఉంది. 2012 డిసెంబరులో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి అది కూడా యాక్టివ్ డైరెక్టరీ తరహా డొమైన్ కంట్రోలర్‌గా నిలబడగలదు. తక్కువ ర్యామ్‌తో సరిపెట్టుకుంటుంది కూడా. కరెంటు పోయినా భయం లేదు. వీఎంను ఉన్నది ఉన్నట్టుగా డిస్కులోకి దాచేసి, కరెంటు వచ్చాక ఆగిన చోటి నుంచే లేపవచ్చు. ఈ సుఖం వెనక ఒక చిక్కుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

గోడ ఎక్కడ కట్టాలి?

వీఎంలు తయారు చేయడం అరగంట పని. వాటి మధ్య తీగ ఎలా లాగామన్నదే అసలు విషయం. కంటికి కనబడే తీగ ఉండదు కాబట్టి, సెట్టింగుల్లో ఒక డ్రాప్‌డౌన్‌లో ఎంచుకునే ఒక్క మాట మీదే అంతా ఆధారపడుతుంది.

వర్చువల్‌బాక్స్‌లో ఏమీ మార్చకుండా వదిలేస్తే వీఎం నాట్ పద్ధతిలో ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ వెనక ల్యాప్‌టాప్ ఉన్నట్టే, ల్యాప్‌టాప్ వెనక వీఎం ఉంటుంది. బయటికి పోగలదు, బయటివాళ్ళు దాన్ని పిలవలేరు. ఇక్కడే కొత్తవాళ్ళు తికమకపడతారు. సర్వర్ చిరునామా చూస్తే 10.0.2.15. క్లయింట్‌ది చూసినా అదే 10.0.2.15. పింగ్ కొడితే తన గొంతు తనకే వినిపిస్తుంది. కారణం ఏమిటంటే, ఈ పద్ధతిలో ప్రతి వీఎంకూ విడివిడిగా ఒక ఉత్తుత్తి రౌటర్ ఉంటుంది. రెండింటికీ పరిచయమే లేదు.

అది చూసి విసుగెత్తి చాలామంది బ్రిడ్జ్‌డ్ పద్ధతిలోకి దూకుతారు. అన్నిటికన్నా ప్రమాదం అక్కడే. బ్రిడ్జ్‌డ్ అంటే వీఎం నేరుగా బయటి నెట్‌వర్క్‌లో ఇంకో కంప్యూటర్‌లా నిలబడటం. ఇంట్లో ఒంటరిగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. అదే ల్యాప్‌టాప్‌ను కాలేజీ ల్యాబ్‌లో వైరుకు తగిలించి, ప్రాక్టీసు కోసం పెట్టుకున్న, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌ను ఆన్ చేస్తే ఏమవుతుందో చూడండి. ల్యాబ్‌లో ఏ కంప్యూటర్ లేచినా ముందుగా చేసే పని, నాకో చిరునామా ఇవ్వండి అని అందరికీ వినబడేట్టు కేకేయడం. ఆ కేకకు ముందు ఎవరు పలికితే దాదాపు వాళ్ళదే పైచేయి. కాలేజీ అసలు సర్వర్ ఇంకో అంతస్తులో ఉంటుంది. కుర్రాడి వీఎం పక్కనే ఉంటుంది. కాసేపటికి సగం ల్యాబ్ ఆ వీఎం ఇచ్చిన చిరునామాలు పట్టుకుని, అది చూపించిన లేని దారిలో ఇంటర్నెట్ కోసం వెతుకుతుంటుంది. నెట్ పోయిందని అందరూ అంటారు, ఎందుకు పోయిందో కనుక్కోవడానికి మాత్రం పూట పడుతుంది. నెట్‌వర్క్ అడ్మిన్‌లు స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అనే కాపలా పెట్టుకునేది ఇందుకే.

మిగిలినవాటిలో మనకు కావలసినవి రెండు. హోస్ట్-ఓన్లీలో వీఎంలు ఒకదాన్నొకటి చూసుకుంటాయి, ల్యాప్‌టాప్‌తోనూ మాట్లాడతాయి. ల్యాప్‌టాప్ 192.168.56.1గా వాటి మధ్య కూర్చుంటుంది. ఇంటర్నల్‌లో ల్యాప్‌టాప్‌కు కూడా ప్రవేశం లేదు, వీఎంలు తమలో తాము మాట్లాడుకోవడమే. విండోస్‌లోని హైపర్-వీ వాడేవాళ్ళు పేర్ల దగ్గర జాగ్రత్త పడాలి. అక్కడ ఇంటర్నల్ అంటే ఇక్కడి హోస్ట్-ఓన్లీ. ఇక్కడి ఇంటర్నల్‌ను అక్కడ ప్రైవేట్ అంటారు. ఇద్దరు తయారీదారులు ఒక్క మాట మీద ఉండి ఉంటే ఎందరికో నిద్ర మిగిలేది.

టెస్ట్ డొమైన్‌కు నా ఓటు ఇంటర్నల్‌కే. చిరునామాలు మనమే పెట్టుకోవాలి. 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం సొంత వాడకానికి మూడు చిరునామా గుత్తులు వదిలేసింది: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకూ, 192.168తో మొదలయ్యేవి. మన ల్యాబ్‌కు 192.168.10 అనుకుందాం. కంట్రోలర్‌కు 192.168.10.10 అని చేత్తో రాసి స్థిరంగా పెట్టాలి. క్లయింట్లకు 100 నుంచి 150 వరకూ డీహెచ్‌సీపీ పంచిపెడుతుంది. క్లయింట్‌లో 169.254తో మొదలయ్యే చిరునామా కనబడిందంటే దాని కేకకు ఎవరూ పలకలేదని, తనకు తానే ఒక చిరునామా పెట్టుకుందని అర్థం. అప్పుడు డీహెచ్‌సీపీ సర్వీసు నడుస్తోందా, రెండు వీఎంలూ ఒకే ఇంటర్నల్ నెట్‌వర్క్ పేరు మీద ఉన్నాయా చూసుకోవాలి. ఆ పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా రెండూ వేర్వేరు లోకాల్లో ఉన్నట్టే.

అప్‌డేట్ల కోసం ల్యాబ్‌కు అప్పుడప్పుడు ఇంటర్నెట్ కావాలనిపిస్తుంది. కంట్రోలర్‌కే రెండో నెట్‌వర్క్ కార్డు తగిలించి నాట్‌లో పెట్టేద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. పెట్టకూడదు. విండోస్ తన రెండు చిరునామాలనూ డీఎన్ఎస్‌లో, అంటే పేరు అడిగితే చిరునామా చెప్పే పద్దులో, రాసేసుకుంటుంది. క్లయింట్ వచ్చి కంట్రోలర్ ఎక్కడని అడిగితే ఒకసారి 192.168.10.10 అని, ఇంకోసారి 10.0.2.15 అని జవాబిస్తుంది. రెండోది క్లయింట్‌కు అందని చిరునామా. దాంతో లాగిన్ ఒకసారి వెంటనే అవుతుంది, ఒకసారి నిమిషాల తరబడి తిరుగుతుంది. ఎప్పుడూ పనిచేయని తప్పు కన్నా అప్పుడప్పుడు పనిచేసే తప్పు పట్టుకోవడం కష్టం. దానికన్నా రెండు కార్డులున్న ఒక చిన్న లైనక్స్ వీఎంను వాకిట్లో రౌటర్‌గా పెట్టి, కావలసినప్పుడు ఆన్ చేసుకోవడం మేలు.

పేరు పెట్టే దగ్గర

గోడ తర్వాత డొమైన్‌కు పేరు. ఉత్తుత్తి ఆఫీసే కదా, ఏ పేరు పెడితే ఏమిటి అనిపిస్తుంది. కానీ గోడకు ఎక్కడో ఒక చిల్లు పడితే ముందుగా బయటికి పోయేది పేరే. ఆ పేరు బయటి ప్రపంచంలో ఇంకొకరిదైతే మన ఉత్తరాలు వాళ్ళ గుమ్మంలో పడతాయి.

ఇది ఊహ కాదు. యాక్టివ్ డైరెక్టరీ తొలిరోజుల్లో మైక్రోసాఫ్ట్ తన ఉదాహరణల్లో కార్ప్ అనే పేరు వాడింది. ప్రపంచంలో ఎన్నో కంపెనీలు దాన్నే తమ లోపలి డొమైన్ పేరుగా ఉంచేసుకున్నాయి. ఆఫీసులో ఉన్నంతసేపూ ఏ చిక్కూ లేదు. అదే ల్యాప్‌టాప్‌ను ఉద్యోగి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఏ దాబాలోనో కూర్చుని ఫోన్ హాట్‌స్పాట్‌తో తెరిచాడనుకోండి. ల్యాప్‌టాప్ అలవాటు ప్రకారం కార్ప్ ఎక్కడని అడుగుతుంది. ఆఫీసు డీఎన్ఎస్ అక్కడ లేదు. జవాబు రాకపోతే దాని చివర డాట్ కామ్ తగిలించి మళ్ళీ అడిగే సందర్భాలు ఉన్నాయి. కార్ప్ డాట్ కామ్ అనేది నిజంగానే ఉంది. మైక్ ఓకానర్ అనే అమెరికన్ దాన్ని 1994లో కొని పెట్టుకున్నాడు. 2019లో జెఫ్ ష్మిట్ అనే భద్రతా నిపుణుడు ఆ పేరుకు వచ్చే రాకపోకలను పరిశీలిస్తే, 3,75,000కు పైగా విండోస్ కంప్యూటర్లు తెలియక తమ సమాచారాన్ని అక్కడికి పంపబోతున్నాయని తేలింది. లాగిన్ వివరాలు కూడా అందులో ఉన్నాయి. ఓకానర్ 2020లో దాన్ని 17 లక్షల డాలర్ల ధరతో అమ్మకానికి పెట్టాడు. దుర్మార్గుల చేతిలో పడుతుందేమోనన్న ఆందోళన బయటపడింది. ఆ ఏప్రిల్‌లో మైక్రోసాఫ్టే దాన్ని కొనేసింది. ఎంతకు కొన్నదో చెప్పలేదు. ఉదాహరణకని రాసిన ఒక్క పేరు ఇరవై ఏళ్ళ తర్వాత బిల్లు పంపించింది.

ఇలాంటిదే ఇంకొకటి. ప్రోగ్రామర్లు తమ ల్యాప్‌టాపుల్లో టెస్ట్ సైట్లకు చివర డాట్ దేవ్ అని పెట్టుకునేవాళ్ళు. ఆ కొస గూగుల్‌కు దక్కింది. 2017 డిసెంబరులో వచ్చిన క్రోమ్ 63 డాట్ దేవ్ పేర్లన్నిటినీ సురక్షిత కనెక్షన్‌తోనే తెరుస్తానని భీష్మించుకుంది. రాత్రికి రాత్రి ఎందరి టెస్ట్ సైట్లో ఆగిపోయాయి. డాట్ లోకల్ అని పెట్టుకున్నవాళ్ళకూ పోట్లాట తప్పలేదు. ప్రింటర్లు, ఫోన్లు పక్కపక్కన ఉన్నప్పుడు ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతికి 2013లో ఆ కొసను కేటాయించారు.

అయితే ఏ పేరు పెట్టాలి? 1999 జూన్‌లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2606 నాలుగు కొసలను పక్కన పెట్టింది: టెస్ట్, ఎగ్జాంపుల్, ఇన్‌వాలిడ్, లోకల్‌హోస్ట్. వీటిని ఎప్పటికీ ఎవరికీ అమ్మరు. మన ల్యాబ్‌కు పెబ్బేరు డాట్ టెస్ట్ అని పెడితే గోడకు చిల్లు పడినా ఆ పేరు బయట ఎవరి ఇంటికీ చేరదు. అలాంటిది లేదన్న జవాబు వచ్చి అక్కడితో ఆగిపోతుంది. టెస్ట్ కాకుండా నిజంగా వాడే లోపలి నెట్‌వర్క్ అయితే ఇంటర్నల్ అనే కొస ఉంది. ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ 2024 జూలైలో దాన్ని ఎవరికీ ఇవ్వకుండా అట్టేపెట్టింది. చాలా కోచింగ్ నోట్సుల్లో ఇప్పటికీ డాట్ లోకల్ అనో, నోటికొచ్చిన డాట్ కామ్ పేరనో రాసి ఉంటుంది. చూసి రాసుకోవడం తప్ప ఎందుకని అడిగినవాళ్ళు తక్కువేమో.

తెలుగులో పేరు పెట్టి చూస్తే

ల్యాబ్ ఉన్నప్పుడు ఇంకో ముచ్చట కూడా తీర్చుకోవచ్చు. వెబ్‌సైట్ పేరు తెలుగు లిపిలో పెట్టి, అది ఎక్కడెక్కడ పనిచేస్తుందో చూడవచ్చు. 2007లో ఐకాన్ ఇంగ్లీషు కాని లిపుల్లో 11 పరీక్షా డొమైన్లను ఇంటర్నెట్ పేర్ల మూల పద్దులోనే పెట్టి చూసింది. మన దేశ భాషల్లో హిందీకీ, తమిళానికీ అందులో చోటు దక్కింది, తెలుగుకు దక్కలేదు. తర్వాత దేశపు కొస అయిన డాట్ భారత్ తెలుగులోనూ వచ్చింది. ఇప్పుడు మన పరీక్ష మనమే చేసుకోవచ్చు.

డీఎన్ఎస్‌కు తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత తప్ప ఏమీ తెలియదు. కాబట్టి పెబ్బేరు అనే పేరులోని ఎనిమిది యూనికోడ్ సంకేతాలనూ పునీకోడ్ అనే పద్ధతి ఇంగ్లీషు అక్షరాల గొలుసుగా మారుస్తుంది. ఆ పద్ధతి 2003లో వచ్చింది. మార్చిన పేరు ముందు ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలు ఉంటాయి. బ్రౌజర్ దాన్ని మళ్ళీ తెలుగులో చూపిస్తుంది. విండోస్ డొమైన్ పేరును ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచి, అదే డీఎన్ఎస్ సర్వర్‌లో ఒక వెబ్‌సైట్‌కు మాత్రం తెలుగు పేరు ఇచ్చి చూడాలి. తమాషాలు అక్కడ మొదలవుతాయి. ల్యాప్‌టాప్ అని రాసేటప్పుడు పకారపొల్లు తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం టైప్ చేస్తాం. అది లేకపోతే పొల్లూ టకారమూ అతుక్కుని ఒత్తుగా మారిపోతాయి. ఆ కనబడని అక్షరాన్ని ఇలాంటి పేర్ల కోసం రాసిన ఐడీఎన్ఏ 2003 నియమాలు తీసిపారేసేవి. ఐడీఎన్ఏ 2008 నియమాలు పొల్లు తర్వాత వస్తే ఉండనిస్తాయి. అంటే ఒక పాత ప్రోగ్రాం, ఒక కొత్త ప్రోగ్రాం ఒకే పేరును రెండు వేర్వేరు చిరునామాలుగా చదివే అవకాశం ఉంది. మన సర్వర్ లాగ్‌లో రెండు ప్రశ్నలూ పక్కపక్కనే కనబడతాయి.

ఇంకో సంగతి మన ప్రాంతానికి మరీ దగ్గరిది. గద్వాల దాటి రాయచూరు వైపు పోతే బోర్డుల మీద తెలుగు, కన్నడ లిపులు కలిసిపోతుంటాయి. కొన్ని అక్షరాలను చూసి ఇది ఏ లిపో చెప్పలేం. కంప్యూటర్‌కు మాత్రం అవి వేర్వేరు సంకేతాలు. అలాంటి అక్షరాలతో మోసపు పేర్లు పుట్టకుండా, 2019లో ఐకాన్ ప్రకటించిన మూల నియమాల్లో తెలుగు, కన్నడ లిపుల జంట అక్షరాలను కలిపి చూసే ఏర్పాటు చేశారు. మన ల్యాబ్ డీఎన్ఎస్‌కు ఆ నియమాలు తెలియవు కాబట్టి, చూడటానికి ఒకేలా ఉండే రెండు పేర్లు పెట్టి రెండు వేర్వేరు పేజీలు తెరిపించవచ్చు. మోసం ఎంత సులువో అప్పుడు బాగా అర్థమవుతుంది.

క్లయింట్ కలిసే క్షణం

ఇక అసలు పని. కంట్రోలర్ సిద్ధమయ్యాక క్లయింట్‌ను డొమైన్‌లో జాయిన్ చేయాలి. పదిలో తొమ్మిదిసార్లు మొదటి ప్రయత్నంలో డొమైన్ దొరకలేదన్న ఎర్ర గుర్తే వస్తుంది. సీనియర్‌ను అడిగితే తల కూడా ఎత్తకుండా అనే మాట ఒకటే: "డీఎన్ఎస్ చూసినవా తమ్మీ?"

క్లయింట్ చేసే పని ఇది. పెబ్బేరు డాట్ టెస్ట్ అనే డొమైన్‌కు కంట్రోలర్ ఎవరని తన డీఎన్ఎస్‌ను అడుగుతుంది. మామూలు వెబ్‌సైట్ అడ్రసు అడిగినట్టు కాదు, ఫలానా సేవ ఇచ్చేది ఎవరు, ఏ పోర్టులో అని అడిగే ఎస్ఆర్‌వీ అనే ప్రత్యేక రకం ప్రశ్న. కంట్రోలర్ పుట్టినప్పుడే తన గురించి ఆ రికార్డులు డీఎన్ఎస్‌లో రాసుకుంటుంది, 389వ పోర్టులో పద్దు చూపించే ఎల్‌డ్యాప్, 88వ పోర్టులో లాగిన్ తేల్చే కెర్బెరోస్ అని. క్లయింట్ డీఎన్ఎస్‌గా 192.168.10.10 ఉంటే జవాబు దొరుకుతుంది. అలవాటుగా 8.8.8.8 అని గూగుల్‌ది రాసి ఉంటే దొరకదు. మన ఉత్తుత్తి ఆఫీసు గురించి గూగుల్‌కు ఎలా తెలుస్తుంది?

తర్వాత వచ్చేది కెర్బెరోస్. 1980లలో అమెరికాలోని ఎంఐటీలో పుట్టిన ఈ పద్ధతిలో పాస్‌వర్డ్ తీగ మీద ప్రయాణించదు. దాని బదులు కాలపరిమితి ఉన్న టికెట్లు తిరుగుతాయి. టికెట్ అన్నాక గడియారాలు కలవాలి. క్లయింట్‌కూ కంట్రోలర్‌కూ మధ్య 5 నిమిషాలకు మించి తేడా ఉంటే లాగిన్ కుదరదు. కరెంటు పోయినప్పుడు వీఎంను దాచేసి లేపడంలో చిక్కుందని ముందు అన్నది ఇదే. రెండు గంటలు నిద్రపోయి లేచిన వీఎం తన గడియారాన్ని సరిచేసుకునేలోపు ఎవరైనా లాగిన్ కాబోతే తిరస్కారం తప్పదు. పాస్‌వర్డ్ తప్పేమోనని పది రకాలుగా కొట్టి చూసి ఖాతా లాక్ చేసుకునేకన్నా ముందు గడియారం చూడటం మంచిది.

స్నాప్‌షాట్ అనే వరం

వీఎంలలో అందరికీ నచ్చేది స్నాప్‌షాట్. యంత్రం ఈ క్షణంలో ఎలా ఉందో అలా గుర్తు పెట్టుకోమని చెప్పి, ఏదైనా చెడగొట్టుకున్నాక ఒక్క మీటతో వెనక్కి రావచ్చు. ఒంటరి యంత్రానికి ఇది వరమే. నలుగురితో లెక్కలున్న యంత్రానికి మాత్రం కాదు.

ల్యాబ్‌లో రెండు కంట్రోలర్లు ఉన్నాయనుకుందాం. ఒకటి తన దగ్గర జరిగే ప్రతి మార్పుకూ వరస నంబరు వేస్తుంది. రెండోది ఆ మార్పులను కాపీ చేసుకుంటూ, 5200 వరకూ నాకు అందాయని గుర్తు పెట్టుకుంటుంది. ఇప్పుడు మొదటిదాన్ని 5000 దగ్గర తీసిన స్నాప్‌షాట్‌కు తిప్పేశాం. కాలం వెనక్కి పోయిందని దానికి తెలియదు. కొత్తగా ఒక యూజర్‌ను సృష్టిస్తే 5001 అని నంబరు వేస్తుంది. రెండోది ఆ నంబరు చూసి, ఇది నాకు ఎప్పుడో వచ్చిందే అని పట్టించుకోదు. ఎక్కడా ఎర్ర గుర్తు వెంటనే రాకపోవచ్చు. కానీ ఒక కంట్రోలర్‌లో ఉన్న యూజర్ ఇంకో కంట్రోలర్‌లో ఉండడు. దీన్ని యూఎస్ఎన్ రోల్‌బ్యాక్ అంటారు.  మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన విండోస్ సర్వర్ 2012లో దీనికి మందు దొరికింది. హైపర్‌వైజర్ వీఎంకు ఒక 128 బిట్ల గుర్తింపు సంఖ్య ఇస్తుంది. స్నాప్‌షాట్‌కు వెనక్కి తిప్పినప్పుడల్లా దాన్ని మారుస్తుంది. సంఖ్య మారడం గమనించిన కంట్రోలర్, నన్ను వెనక్కి తిప్పారని గ్రహించి కొత్త గుర్తింపుతో మళ్ళీ లెక్క మొదలుపెడుతుంది. హైపర్‌వైజర్ ఆ సంఖ్యను ఇవ్వగలిగితేనే ఇది పనిచేస్తుంది.

క్లయింట్‌ను ఒక్కదాన్నే పాత స్నాప్‌షాట్‌కు తిప్పినా ఇబ్బందే. మనుషులకున్నట్టే డొమైన్‌లోని కంప్యూటర్‌కూ ఒక రహస్య పాస్‌వర్డ్ ఉంటుంది. 30 రోజులకొకసారి అది తనంతట తానే మార్చుకుంటుంది. నెలల కిందటి స్థితికి తిప్పిన క్లయింట్ పాత పాస్‌వర్డ్ చెబుతుంది, కంట్రోలర్ నమ్మనంటుంది. కాబట్టి ల్యాబ్‌లో అన్ని వీఎంలనూ ఆపి, అన్నిటికీ ఒకేసారి స్నాప్‌షాట్ తీయాలి. తిప్పితే అన్నిటినీ కలిపి తిప్పాలి. నిజమైన ఆఫీసులో అందరినీ కలిపి వెనక్కి తిప్పడం కుదరదు కాబట్టి, అక్కడ స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకోకూడదు.

కావాలని చెడగొట్టాలి

ల్యాబ్ కట్టి, క్లయింట్ జాయిన్ అయి, లాగిన్ స్క్రీన్‌లో డొమైన్ పేరు కనబడగానే చాలామంది అక్కడితో ఆపేస్తారు.  అసలు చదువు ఆ తర్వాతే ఉంది. కంట్రోలర్ వీఎంను నడుస్తుండగానే పవర్ ఆఫ్ చేయాలి. మర్యాదగా షట్‌డౌన్ చేయడం కాదు, ప్లగ్ పీకినట్టు ఆపేయాలి.

విచిత్రంగా వెంటనే ఏమీ ఆగదు. ఆ క్లయింట్‌లో ఇదివరకు లాగిన్ అయిన ఉద్యోగి మళ్ళీ లాగిన్ అవుతాడు. విండోస్ గత 10 మంది లాగిన్ ఆనవాళ్ళను దాచుకుని ఉంటుంది. ఎన్నడూ ఆ కంప్యూటర్ ముందు కూర్చోని యూజర్‌ను మాత్రం లోపలికి రానివ్వదు. ఫైల్ సర్వర్‌కు పొద్దున్నే టికెట్ తీసుకున్న యూజర్ ఆ టికెట్ గడువు వరకూ, అంటే మామూలుగా 10 గంటల దాకా ఫైళ్ళు తెరుచుకోగలడు. అందుకే నిజమైన ఆఫీసులో కంట్రోలర్ పొద్దున పోతే ఫిర్యాదులు ఒకేసారి రావు. ముందు కొత్తగా చేరిన ఉద్యోగి వస్తాడు, తర్వాత పక్క సీటులో కూర్చోబోయినవాడు, సాయంత్రానికి అందరూ. వరస తెలియనివాడు ఒక్కో ఫిర్యాదునూ ఒక్కో జబ్బు అనుకుని విడివిడిగా మందు వేస్తాడు.

రెండో కంట్రోలర్ పెడితే సరిపోతుందనుకుంటాం. పెట్టి, మొదటిదాన్ని మళ్ళీ ఆపి చూస్తే కొత్త యూజర్‌కు లాగిన్ ఇప్పటికీ కాదు. డీహెచ్‌సీపీ తెరిచి చూస్తే క్లయింట్లకు అది పంచుతున్న డీఎన్ఎస్ చిరునామా ఒక్కటే, 192.168.10.10. ఆగిపోయిన కంట్రోలర్‌నే పట్టుకుని, ఇంకో కంట్రోలర్ ఎక్కడుందని క్లయింట్ అడుగుతోంది. రెండో కంట్రోలర్‌లోనూ డీఎన్ఎస్ నడిపి, దాని చిరునామాను కూడా డీహెచ్‌సీపీలో రాసి, క్లయింట్ చిరునామా మళ్ళీ తీసుకునేలా చేసి, ఇంతవరకూ ఎక్కడా లాగిన్ కాని యూజర్‌తో ఇంకోసారి ప్రయత్నించాలి.